బల్ల కింది తొన

కమలాపండు వాసన ఈపాటికి గది దాటి మెట్ల దాకా వెళ్లిపోయి ఉంటుంది అనుకుంది ఆమె, గువ్వ ఒలిచిందంటే అంతే మరి, గోళ్లతో తొక్కని పొడిచి పొడిచి, రసం బల్ల మీద, గౌను మీద, ముక్కు చివర కూడా ఒక చుక్క, తుడుచుకోవే పిల్లా అని చెప్పబోయింది, నోరు తెరిచింది కూడా, తీరా బయటికి వచ్చింది మాత్రం ఎప్పుడూ వచ్చేదే. "అదే," అంది. గువ్వ తలెత్తి అమ్మమ్మ వంక చూసి, మోచేత్తో ముక్కు తుడుచుకుని, మళ్లీ పండు మీద పడింది. అర్థమైపోయింది దానికి. ఏడేళ్ల మనవరాలికి ఇట్టే అర్థమైపోతుంది, పక్కగదిలో తలుపు వేసుకుని ఎవరెవరి కోపాలకో ఫోన్లో సర్దిచెప్పే ఉద్యోగం చేసుకుంటున్న కన్నకూతురికి మాత్రం అర్థం కాదు, కాదో, కానట్టు ఉంటుందో. వేసవి చివర ఒక పొద్దున కత్తెర చేతిలోంచి జారి నేల మీద పడింది, వంగి తీసుకుందామంటే చెయ్యి రాలేదు, కూతుర్ని పిలుద్దామంటే పేరు రాలేదు. ఆ రోజు నుంచి కుడిచెయ్యి ఒళ్లో నిద్రపోతున్న పిల్లిలా పడి ఉంది, నోట్లో ఒక్క ముక్క మిగిలింది. నీళ్లు కావాలన్నా అదే, కిటికీ వెయ్యమన్నా అదే, కోపం వచ్చినా అదే. లోపల మాత్రం ఏదీ పోలేదు. అన్నీ ఉన్నాయి, తిట్లతో సహా.

బల్ల మీద ఒక పక్క పళ్లెంలో ఆపిల్ ముక్కలూ ద్రాక్షపళ్లూ, ఇంకో పక్క పాత వార్తాపత్రిక పరిచి దాని మీద ఎండుటాకులు, పసుపువి, ఎర్రవి, అంచులు కాలినట్టున్నవి, గువ్వ బడి నుంచి వస్తూ దారిలో ఏరుకొచ్చింది. కిరీటం చేస్తుందట. అట్ట పట్టీ కత్తిరించి దాని చుట్టూ ఆకులు అంటించి అమ్మమ్మ తల మీద పెడుతుందట, పెట్టాక అమ్మమ్మ అద్దంలో చూసుకుని 'ఆకు' అనాలట. ఇది పాఠం. అమ్మ ఫోను పెట్టేసి రాగానే మొదలవుతుంది. గువ్వ వంకరటింకరగా కత్తిరిస్తోంది, పట్టీ ఒక చివర వెడల్పు, ఒక చివర సన్నం, ఆమె ఎడమచెయ్యి దానంతటదే లేచి ఆ కత్తెర అందుకోబోయింది, నలభై ఏళ్లు టైలరమ్మ అని వీధి వీధంతా పిలిచిన చెయ్యి, వంకర చూస్తే ఊరుకోలేదు. వద్దు, అనుకుని వెనక్కి తీసుకుంది. అప్పుడే నేర్చుకోవాల్సింది ఈ వద్దు.

నోరు పోయినవాళ్లకి చెవులు కూడా పోయాయనుకుంటారు కాబోలు జనం. నిన్న సాయంత్రం మాటల టీచరు వెళ్తూ వెళ్తూ తలుపు బయట నిలబడి కూతురితో అన్న మాటలు ఆమె దిండులో తల దూర్చుకున్నా వినిపించేవి. ఆవిడ గుసగుసలాడితేనే స్పష్టంగా ఉంటుంది, వృత్తి అలాంటిది. "ఇంకో వారం చూద్దామండీ. ఆవిడకి రాదని కాదు, ఆవిడ ప్రయత్నం చెయ్యట్లేదు. అవసరం పడితేనే మాట వస్తుంది. బలవంతాన నేను రప్పించలేను కదా. ఇప్పుడు దాటిపోతే తర్వాత కష్టం." కూతురు ఏమంది? మా అమ్మ మొండిది అనాల్సింది. అనలేదు. "నాకే నేర్పడం చేతకావట్లేదేమో మేడం, ఎక్కడ తప్పు చేస్తున్నానో తెలీట్లేదు," అంది. టీచరు చెప్పుల చప్పుడు కిందికి దిగిపోయింది, కూతురు లోపలికి రాలేదు. మెట్ల మీద కూర్చుంది. ఏడ్చినా వినపడకుండా ఏడవడం దానికి చిన్నప్పటి నుంచీ అలవాటు, ముక్కు ఒకసారి పైకి పీల్చుకుంటుంది, అంతే, ఆ ఒక్క శబ్దం చాలు తల్లికి. ఆ శబ్దం అవే మెట్ల మీద ఇంతకుముందు కూడా విన్నదామె. గువ్వ అప్పుడు ఒళ్లో ఉండేది, ద్రాక్షపండు చప్పరిస్తూ.

ద్రాక్షపండు. అక్కడి దాకా వెళ్లకూడదు అనుకుంటుంది ప్రతిసారీ, మనసు వింటే కదా, అది ఎడ్డెమంటే తెడ్డెమంటుంది, సూదిలోకి దారం ఎక్కినట్టు నేరుగా అక్కడికే పోతుంది. అంతకంటే వెనక్కి పోతే బాగుండును, దుకాణం రోజులకి, రెండు అద్దాలు, ఒక మిషను, గోడకి వేలాడే కొలతల టేపు, లోపలికి వచ్చిన మనిషి నోరు తెరవకముందే చెప్పేసేది ఆమె, నడుం దగ్గర వదులు కావాలి కదూ, భుజం కిందికి జారుతోంది కదూ, వాళ్లు నోరెళ్లబెట్టేవాళ్లు, మీకెలా తెలిసిందమ్మా అని. ఎలా తెలిసిందంటే ఏం చెప్తాం, చూస్తే తెలుస్తుంది. అదొక గర్వం, కాదనకూడదు, కిరీటంలా పెట్టుకుని తిరిగింది. ఇంట్లో ఆయనకీ అంతే. ఆయన మాటలు పొదుపు, ఆమె కళ్లు చురుకు, ఈడూ జోడూ కుదిరింది అన్నారంతా. కంచం ముందు కూర్చుని చెయ్యి ఆగిందంటే ఉప్పు అందించేది, భుజం ఎగరేశాడంటే కిటికీ మూసేది, ఆయన బతికినన్నాళ్లూ ఆమెని ఏదీ అడగలేదు, అడగాల్సిన అవసరం రానిస్తే కదా. ఆఖర్న ఆసుపత్రి మంచం మీద ఆయన ఆమె వంకే చూశాడు, చాలాసేపు, నీళ్లు ఇచ్చింది, వద్దన్నట్టు తల తిప్పాడు, దుప్పటి కప్పింది, అదీ కాదు, దిండు సర్దింది, కాదు, కాళ్లు ఒత్తింది, కాదు. ఏం కావాలో చెప్పండి అని అడగొచ్చు. ఒక్కసారి అడగొచ్చు. సిగ్గేసింది, ఇన్నేళ్లు కాపురం చేసి ఏం కావాలని అడగడమేమిటని. ఆయన పోయాడు, ఆ అడగనిది ఆయనతోనే పోయింది, ఇప్పటికీ తెలియదు ఆమెకి, బహుశా ఏదో చిన్నదే అయి ఉంటుంది.

"అమ్మమ్మా, ఈ ఎర్రది ముందు పెట్టనా?" అంది గువ్వ. "అదే," అంది ఆమె. ఎర్రది ముందుకు వచ్చింది. చూడు, ఎంత చక్కగా అడుగుతోంది. ముందు పెట్టనా, ఎంత పొడుగు మాట. మూడేళ్లు నిండి నాలుగోది నడుస్తున్నా ఈ నోరు తెరుచుకోలేదు. ఇంటికి వచ్చినవాళ్లు ఏం పాపా పలకవా అనేవాళ్లు, గువ్వ వచ్చి అమ్మమ్మ కొంగు వెనక నిలబడేది, ఆమె దాని తల మీద చెయ్యి వేసి, దానికి నిద్రొస్తోంది, దానికి దాహం, దానికి మీ మీసాలు నచ్చలేదు అని చెప్పేది, అందరూ నవ్వేవాళ్లు. నిజంగానే అన్నీ సరిగ్గా చెప్పేది. గువ్వ కనుబొమ ఎత్తితే పాలు, పెదవి ముడిస్తే చీకటంటే భయం, బొటనవేలు పిడికిట్లో దాచుకుంటే బాత్రూం. ఆ పిల్ల ఒక పుస్తకమైతే ప్రపంచంలో అది చదవగలిగింది ఆమె ఒక్కతే. తల్లికి కూడా రాదు. తల్లి పొద్దంతా ఫోన్లో ఉంటుంది, రాత్రికి వచ్చి ఎత్తుకుంటే పిల్ల అమ్మమ్మ వైపు చేతులు చాపేది, అప్పుడు కూతురి మొహం వాడేది, ఆమె లోపల, ఎంత లోపలో, ఒక చిన్న సంతోషం, చెప్పుకోకూడనిది, దాన్నే తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు కంపరమెత్తుతుంది. కన్నకూతురితో పోటీ ఏమిటే నీకు, ముసలిదానా.

అప్పుడే ఇదే మాటల టీచరు దగ్గరికి పిల్లని పంపడం మొదలుపెట్టింది కూతురు. మేడ మీద గది, గోడకి పొడుగాటి అద్దం, మోకాలెత్తు కుర్చీలు, వాటిలో ఆమె కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేవి. కూతురికి సెలవు దొరికేది కాదు, పిల్లని తీసుకెళ్లే పని ఆమెదే. మందులిస్తారేమో, నాలుక కింద ఏదో కోస్తారేమో అని బెంగపడింది గానీ అక్కడ చేసిందంతా ఆటలూ తిండీ. వానల్లో తొట్టెలో కాగితప్పడవలు వేసి స్ట్రాతో ఊదమనేది టీచరు, ఫూ, ఫూ, ఎవరి పడవ ముందు అవతలి గట్టు చేరితే వాళ్లకి బిస్కెట్టు. చలికాలంలో దూది ఉండలు అంటించి గొర్రెపిల్లని చేయించేది, పై పెదవికి తేనె రాసి నాలుకతో అందుకోమనేది. ఎండల్లో పండ్లరసం గడ్డకట్టించిన పుల్ల ఐసు, ఒక్కసారి నాకనిచ్చి వెనక్కి తీసుకునేది, 'ఇంకా' అంటేనే మళ్లీ. చేతులు పనిలో ఉంటే, నోట్లో రుచి ఉంటే, మాట దానంతటదే జారుతుందట. బాగానే ఉంది, ఆటలకేం. కానీ ఆ వెనక్కి తీసుకోవడం ఒకటి ఉంది చూశారూ, అది ఆమెకి గొంతు దిగలేదు. పిల్లకి కావాలి, కావాలని తెలుస్తోంది, చేతిలో ఉంది, ఇవ్వదు. నవ్వుతూ కూర్చుంటుంది, కనుబొమలు ఎత్తుకుని. ఎదురుచూస్తుంది. గడియారం ముల్లు వినిపించేంత సేపు. "మీరు కూడా ఇంట్లో ఇలాగే ఉండాలి అమ్మగారూ," అంది టీచరు మొదటి రోజే. "అడిగేదాకా ఇవ్వకండి. తెలిసినా తెలియనట్టు ఉండండి." గంగిరెద్దులా తల ఊపింది ఆమె. మనసులో అనుకుంది, ఇదేం చదువు, పసిదాన్ని ఊరించి ఏడిపించే చదువు, తెలిసి తెలియనట్టు ఉండటానికి నేనేం కిరాయి మనిషినా. ఇంటికి వచ్చి, మొదట్లో పోనివ్వవే, ఊరికే ఏడిపించడం దేనికి అని కూతురితో వాదించేది, తర్వాత్తర్వాత దాని ముందు తెలియనట్టే ఉండేది, బల్ల పైన. బల్ల కింద చెయ్యి చేసే పని చెయ్యి చేసుకుపోయేది. గువ్వ చిన్న పిడికిలి వచ్చి తట్టేది, ఆమె అందులో ఒక తొన పెట్టేది. కూతురు పైన తొన పట్టుకుని, ఏం కావాలమ్మా, చెప్పు బంగారం, అని బతిమాలుతూ ఉండేది, గువ్వ నోరు కదిపేది, మాటకి కాదు, నమలడానికి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేవాళ్లు, దొంగలు చూసుకున్నట్టు. ఎంత ముద్దుగా ఉండేదో అప్పుడు.

గుడ్లగూబది ఒకటి గుర్తొస్తోంది, ఈ ఆకులు చూస్తుంటే. ఇదే కాలం. ఆకులతో గుడ్లగూబ చేయించి ఇంటికి పంపింది టీచరు, ఒక కన్ను నుదుటి మీద, ఒక కన్ను ముక్కు కింద, రెక్క తలకిందులు. ఆమె ఊరుకోలేక ఆ సాయంత్రం అన్నీ పీకి, తడిగుడ్డతో తుడిచి, కొలిచి అంటించింది, అచ్చు గుడ్లగూబ, దుకాణంలో పెడితే అమ్ముడుపోయేంత. గువ్వ వచ్చి చూసింది. ముట్టుకోలేదు. టీచరు దాన్ని చేతిలోకి తీసుకుని, "ఆ వంకర కళ్ల గురించి మాట్లాడదామనుకున్నాను పాపతో," అంది. అంత నెమ్మదిగా అనకపోతే బాగుండేది. తిడితే తిప్పికొట్టొచ్చు.

సరే, రానీ, ద్రాక్షపండు కూడా రానీ. గొంగళిపురుగు చేస్తున్నారు ఆ రోజు, ఆపిల్ ముక్కలు వరసగా పేర్చి, తలకి ఒక ద్రాక్షపండు పెట్టాలి. టీచరు చేతిలో ద్రాక్షపండు. గువ్వ చూపు దాని మీద. టీచరు ఆగింది. ఎప్పుడూ ఆగేదే, కానీ ఆ రోజు గదిలో గాలి కూడా ఆగినట్టుంది, ఎందుకంటే గువ్వ అమ్మమ్మ వైపు తిరగలేదు. ఎప్పుడూ తిరిగేది. ఆ రోజు టీచరు నోటినే చూసింది, చూసి, పెదవులు రెండూ దగ్గరకి తెచ్చింది, గొంతులో ఏదో కదిలింది, మెడ దగ్గర చిన్న నరం కనిపించింది, ముక్కుపుటాలు విచ్చుకున్నాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లే కొంప ముంచాయి. పిల్ల ఏడుస్తోంది అనుకుంది ఆమె, అది ఏడుపు కాదు, బరువెత్తేవాడికి వచ్చే నీళ్లు, ఇప్పుడు తెలుసు ఆమెకి, ఇప్పుడు రోజూ ఆమెకి వస్తాయి అవే నీళ్లు. అప్పుడు తెలియలేదు. ప్రపంచంలో ఆ పుస్తకం చదవగలిగిన ఒకే ఒక్క మనిషి తప్పు చదివింది. సంచిలోంచి ఒక ద్రాక్షపండు తీసి కుర్చీ కింద నుంచి దాని చేతిలో పెట్టింది. గువ్వ పెదవులు విడిపోయాయి. నరం దిగిపోయింది. వచ్చింది వచ్చినట్టే ఎటో వెళ్లిపోయింది, పిల్ల పండు నోట్లో వేసుకుని అమ్మమ్మ వైపు తిరిగి నవ్వింది. టీచరు చేతిలో పండు పళ్లెంలో పెట్టేసింది. వెళ్లేటప్పుడు తలుపు దగ్గర, గువ్వ చెప్పులు వేసుకుంటుండగా, మెల్లిగా అంది. "మీకు తెలుస్తుందని పాపకి తెలుసు అమ్మగారూ. అక్కడే చిక్కు." కూతురికి మాత్రం చెప్పలేదు ఆవిడ. చెప్పి ఉంటే బాగుండేది. లేదు, అదీ ఆవిడ మీదికే నెట్టెయ్యడం, చెప్పాల్సింది ఎవరు?

ఆ వారమే మెట్ల మీద కూతురు. పాఠాలన్నీ చేస్తున్నా కదమ్మా, ఆవిడ చెప్పినట్టే చేస్తున్నా, ఒక్క ముక్క రాదేంటి, నేనేం తప్పు చేశాను, ఉద్యోగానికి వెళ్లడం తప్పా, కడుపుతో ఉన్నప్పుడు ఏమన్నా... అని. ఆమె కూతురి వీపు నిమిరింది. అప్పుడు నోరు ఉంది. నోట్లో మాటలన్నీ ఉన్నాయి, వరస తప్పకుండా, ఏది కావాలంటే అది. తప్పు నీది కాదే, నేను బల్ల కింద ఇస్తున్నాను, అని చెప్పడానికి ఎంత సేపు పడుతుంది, దారం తెంపినంత సేపు. వీపు నిమిరింది అంతే. అంతా సర్దుకుంటుందిలే అంది. కిమ్మనకుండా ఉండటం అంటే మాట్లాడకపోవడం కాదు, అలాంటి మాటలు మాట్లాడటం.

తర్వాత ఆమె అక్కకి కాలు విరిగి, చూసేవాళ్లు లేక వెళ్లాల్సి వచ్చింది, ఆకులు రాలడం మొదలైనప్పుడు వెళ్లింది, చెట్లు చిగురించేదాకా ఉండిపోయింది. దారి పొడుగునా బెంగే, పిల్ల ఆకలితో మాడుతుందో, ఎవరికి అర్థమవుతుంది దాని గోడు అని. తిరిగి వచ్చిన రోజు సంచి చేత్తో పట్టుకుని ఇంకా గుమ్మంలోనే ఉంది, గువ్వ లోపలినుంచి పరుగెత్తుకొచ్చి ఆగి, వెనక్కి తిరిగి, వాళ్లమ్మకి వినపడేలా అరిచింది. "అమ్మమ్మ వచ్చింది!" రెండు మాటలు. స్పష్టంగా. కూతురు వెనకాలే వచ్చి నవ్వుతూ ఏడుస్తూ, నీకు చెప్పకుండా దాచాం అమ్మా, నువ్వు వచ్చాక ఆశ్చర్యపోతావని, అంది. ఆశ్చర్యపోయింది. ఎత్తుకుని ముద్దులు పెట్టుకుంది, ఇల్లంతా పండగలా ఉంది, మొహం కడుక్కొస్తానని బాత్రూంలోకి వెళ్లి కొళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో కరువుతీరా ఏడ్చింది. సంతోషం కాదు. తను లేనప్పుడు వచ్చింది మాట. తను గడప దాటితే గానీ రాలేదు. అది తనని ఎవరో చెంప మీద కొట్టినట్టు తెలిసింది, ఆ కొట్టిన చెయ్యి ఎంత చిన్నదో, ఎంత ముద్దుదో. టీచరు తర్వాత అంది, కొందరు పిల్లలకి ఆలస్యంగానే వస్తుందండీ, ఎలాగూ ఆ వయసుకే వచ్చేదేమో, ఎవరూ చెప్పలేరు అని. ఎవరూ చెప్పలేరు. ఆ ద్రాక్షపండు ఇవ్వకపోతే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు, ఆయన ఆసుపత్రి మంచం మీద ఏం అడుగుదామనుకున్నాడో ఎవరూ చెప్పలేరు, అలాంటివన్నీ మనిషి తోడు పెట్టుకుని బతకాలి కాబోలు.

కిరీటం తయారైంది. గువ్వ కుర్చీ ఎక్కి ఆమె తల మీద పెట్టింది, వదులు, చెవుల మీదికి జారింది, ఒక ఆకు రాలి ఒళ్లో కుడిచేతి మీద పడింది. "బాగుందా?" "అదే." "బాగుంది అనాలి." గువ్వ కనుబొమలు ఎత్తి ఎదురుచూసింది, అచ్చు టీచరులా, కానీ ఎంతసేపు, రెండు రెప్పపాట్లు, పాపం దానికి ఓపిక ఉండదు, "పోనీలే," అని బుగ్గ మీద ముద్దు పెట్టేసింది. ఎవరి పోలిక? అడగాలా. ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి రోజే కనిపెట్టింది గువ్వ, అమ్మమ్మ ఎడమచేతి వేళ్లు ముడిస్తే నీళ్లు, గడ్డం ఎత్తితే కిటికీ, కళ్లు మూసి తెరిస్తే దుప్పటి. కూతురు ఎదురుగా కూర్చుని, అమ్మా చెప్పు, నీళ్లు అను, నీ... నీ... అంటూ ఉండగానే గ్లాసు వచ్చేసేది. కూతురు కసిరేది, నువ్వు ఇవ్వకు గువ్వా, అమ్మమ్మే అడగాలి. అప్పటినుంచి బల్ల కింద. ఎవరూ నేర్పలేదు దానికి. ఎవరూ నేర్పలేదా? చల్లటి తొన అరచేతిలో పడగానే ఎంత హాయిగా ఉండేదో, అదొక రాజ్యం, ఇద్దరే ఉండే రాజ్యం, మాటలు అక్కర్లేనిది. పాఠంలో కూతురు చెమటలు కక్కుతుంటే ఆమె నోరు ఊరికే కదిపేది, బరువెత్తకుండానే. నీళ్లు తిరిగేదాకా పోయేది కాదు, అంతకు ముందే తొన వచ్చేసేది. నిన్న మెట్ల మీద ఆ ముక్కు పీల్పు వినేదాకా ఆమెకి తట్టలేదు. తట్టలేదనడం కూడా అబద్ధమే. తట్టింది, హాయిగా ఉందని ఊరుకుంది. అదే బల్ల, అదే కింద, అదే పిల్ల, మెట్ల మీద అదే మనిషి, నేనేం తప్పు చేస్తున్నానో తెలీట్లేదు అని రెండోసారి.

పక్కగదిలో కుర్చీ జరిగింది. తలుపు తెరుచుకుంది. కూతురు జుట్టు వెనక్కి తోసుకుంటూ వచ్చింది, కళ్ల కింద ఉబ్బు, చెవుల దగ్గర ఫోను నొక్కిన గుర్తు, కిరీటం చూసి నవ్వింది, ఆ నవ్వు రావడానికి ఎంత దూరం నడిచిందో తల్లికి తెలుస్తుంది. "అబ్బో, మహారాణిగారు," అంది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. గువ్వ పక్కన కూర్చుని కాళ్లు ఊపుతోంది. కూతురు ఒక తొన తీసి తన పెదవుల పక్కన పట్టుకుంది, నోరు కనిపించాలట, ఆ టీచరు నేర్పిన పద్ధతే, గువ్వకి పట్టుకున్నట్టే. "ఏం కావాలమ్మా?"

"అదే."

"అదే కాదమ్మా. పేరు చెప్పు. తొందరేం లేదు."

ఆగింది కూతురు. ఆ ఆగడంలో ఎంత అలసట ఉందో, ఎంత ఆశ ఉందో, కనుబొమలు రెండూ పైకి కట్టేసినట్టు. బల్ల కింద చిన్న తడి వేళ్లు ఆమె ఎడమచేతిని వెతుక్కుంటూ వచ్చాయి, దొరకబుచ్చుకున్నాయి, పిడికిలి విప్పాయి, పెట్టాయి. తొన. గువ్వ అరచేతి వేడికి వెచ్చబడింది కూడా. కళ్లు ఎటో చూస్తున్నాయి గువ్వవి, దొంగకళ్లు, ప్రేమ కళ్లు, ఆ చూపు ఎక్కడ నేర్చుకుందో ఆమెకి తప్ప ఎవరికి తెలుసు. పిడికిలి మూసింది. తింటే అయిపోతుంది. ఈ పూటకి అయిపోతుంది, వారం అయిపోతుంది, టీచరు రావడం మానేస్తుంది, గువ్వ ఉంది కదా అన్నీ అందించడానికి, గువ్వ పెద్దదయ్యేదాకా, గువ్వ ఇల్లు దాటేదాకా, అప్పటికి తను ఉండదులే, హాయిగా ఉంటుంది, ఈ కూతురొక్కతే మిగులుతుంది, తప్పెక్కడ చేశానో అనుకుంటూ. ఎడమచెయ్యి బల్ల కింద నుంచి పైకి వచ్చింది. అందరికీ కనిపించేలా, పళ్లెంలో, మిగతా తొనల పక్కన ఆమె దాన్ని పెట్టేసింది.

"అమ్మమ్మా!" అంది గువ్వ. నమ్మినవాళ్లు పట్టిచ్చేస్తే అన్నట్టు అంది.

కూతురు పళ్లెం వంక చూసింది, గువ్వ తడి వేళ్ల వంక చూసింది. గువ్వ చేతులు వెనక్కి దాచుకుంది. "రోజూ ఇస్తున్నావా?"

"మరి నాకు తెలుసుగా అమ్మమ్మకి ఏం కావాలో," అంది గువ్వ, తప్పు చేసినట్టు కాదు, అన్యాయం జరిగినట్టు. "ఊరికే ఏడిపించడం దేనికీ?"

కూతురు కసరబోయి ఆగిపోయింది. ఆ మాట విన్నదే. ఈ గొంతులో కాదు, ఇంకో గొంతులో, ఇదే బల్ల దగ్గర, ఎన్నిసార్లో, పోనివ్వవే నాకు తెలుసుగా దానికేం కావాలో, ఊరికే ఏడిపించడం దేనికి. కూతురి చూపు పళ్లెంలోంచి మెల్లిగా పైకి వచ్చింది, ఎండుటాకుల కిరీటం కింద ఉన్న మొహం మీద ఆగింది. ఆ చూపులో లెక్కలు వెనక్కి వెనక్కి పోవడం ఆమె చూస్తూ కూర్చుంది, దాక్కోవడానికి చోటు లేదు.

"అప్పుడు కూడా ఇలాగేనా అమ్మా?"

తల ఊపొచ్చు. ఊపితే సరిపోతుంది, అడిగిందానికి జవాబే. 'అదే' అన్నా సరిపోతుంది, ఇన్నాళ్లకి ఒక్కసారి ఆ పనికిమాలిన మాట సరిగ్గా అతికే చోటు దొరికింది, నాలుక చివర సిద్ధంగా ఉంది, చేతిలో పెట్టినట్టు. మింగేసింది దాన్ని. పక్కన గువ్వ ఉండబట్టలేక నోరు తెరిచింది, అమ్మమ్మ తరఫున తనే చెప్పెయ్యడానికి. ఆమె గువ్వ వైపు తిరిగి, వద్దని తల అడ్డంగా తిప్పింది. గువ్వ నోరు మూసుకుంది. అప్పుడు మొదలుపెట్టింది, "అ," అంది, దాని తర్వాతది ఎక్కడుందో చీకట్లో తడుముకున్నట్టు వెతికింది, కింది పెదవి పళ్ల దగ్గరకి తెచ్చింది, జారింది, మళ్లీ తెచ్చింది, మెడ నరం బిగుసుకుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. కూతురు చెయ్యి లేవలేదు. నీళ్లు తుడవలేదు, నోరు అందించలేదు, పోనీలే అనలేదు. కూర్చుంది.

"అవ్," అంది ఆమె. చాలాసేపటికి, "ను."

ఆ ఇంట్లో కొత్త మాట వస్తే చప్పట్లు కొట్టడం ఆనవాయితీ. గువ్వ చేతులు రెండూ ఎత్తి, అమ్మ మొహం చూసి, దించేసుకుంది. కూతురు చేతిలో తొనని పళ్లెంలో పెట్టింది, ముక్కు ఒక్కసారి పైకి పీల్చుకుంది, కుర్చీ ఇంకాస్త దగ్గరకి జరుపుకుంది.

"ఇంకా చెప్పు," అంది.